ఢిల్లీ తెరపై అరవై ఏళ్ల పాఠం

2024 నవంబరు మూడో వారంలో ఢిల్లీ ఆకాశం మరోసారి బూడిద రంగుకు మారింది. గాలి కాలుష్యం అత్యంత ప్రమాదకర స్థాయిని దాటడంతో గ్రాప్ నాలుగో దశ ఆంక్షలు అమలులోకి వచ్చాయి. ఢిల్లీలోనూ, చుట్టూ ఉన్న గురుగ్రామ్, నోయిడా, ఘాజియాబాద్, ఫరీదాబాద్‌లలోనూ తరగతి గదులకు తాళాలు పడ్డాయి. పాఠాలు తెరలపైకి మారాయి. వారం తిరిగేసరికి సుప్రీంకోర్టు ధర్మాసనం ఈ ఏర్పాటులోని లోటును ఎత్తిచూపింది. చాలామంది పిల్లలకు ఆన్‌లైన్ పాఠాలు వినే సౌకర్యం లేదని, బడి మూతపడితే మధ్యాహ్న భోజనమూ అందదని, ఇంట్లో కూర్చున్నంత మాత్రాన వారికి మంచి గాలి దొరకదని వ్యాఖ్యానించింది. ఆంక్షల సడలింపును పరిశీలించాలని గాలి నాణ్యతా నిర్వహణ కమిషన్‌కు సూచించింది.

తెర మీద పాఠం వచ్చినంత మాత్రాన పిల్లవాడికి చదువు వస్తుందా? కోర్టు మాటల వెనుక ఉన్న ఈ ప్రశ్న కొత్తది కాదు. ఢిల్లీ నగరం ఆరు దశాబ్దాల క్రితమే దీన్ని వేసుకుంది. అంతేకాదు, ఒక మేరకు సమాధానం కూడా కనుగొన్నది. ఆ సమాధానాన్ని తరువాతి పాలకులు ఎలా పక్కన పెట్టారన్నదే ఈ కథ.

దేశ విభజన తరువాత ఢిల్లీ రూపురేఖలు మారిపోయాయి. 1941 జనాభా లెక్కల్లో తొమ్మిది లక్షల పైచిలుకు ఉన్న ఢిల్లీ జనాభా 1951 నాటికి 17 లక్షలు దాటింది. 1961 నాటికి 26 లక్షలకు చేరింది. కాందిశీకుల కుటుంబాలతో నగరం నిండింది. పిల్లలకు సరిపడా భవనాలు లేక బడులు గుడారాల్లో నడిచాయి. ఒకే భవనంలో ఉదయం ఒక బడి, మధ్యాహ్నం మరొక బడి నడిచే పద్ధతి స్థిరపడింది. ఉన్నత పాఠశాలల్లో భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పగలిగిన ఉపాధ్యాయులు తక్కువ. ప్రయోగశాలలు మరీ తక్కువ. టెలివిజన్ ఆ లోటును పూడుస్తుందన్న ఆశ ఆ వాతావరణంలోనే పుట్టింది.

1959 సెప్టెంబరు 15న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ఢిల్లీలో ప్రయోగాత్మక టెలివిజన్ ప్రసారాలను ప్రారంభించారు. ఆనాడు టెలివిజన్‌కు ప్రత్యేక సంస్థ లేదు. అది ఆకాశవాణిలో ఒక చిన్న విభాగం మాత్రమే. పేద దేశానికి టెలివిజన్ విలాసమన్న అభిప్రాయం పాలక వర్గంలో బలంగా ఉన్న రోజులవి. కనుక ఆ పెట్టె వినోదం కోసం కాదని, విద్య కోసమేనని నిరూపించుకోవలసి వచ్చింది. యునెస్కో సహాయంతో ఢిల్లీ బస్తీల్లో టెలీక్లబ్బులు వెలిశాయి. ఫోర్డ్ ఫౌండేషన్ సహాయంతో 1961 అక్టోబరు 24న ఢిల్లీ పాఠశాలలకు టెలివిజన్ పాఠాలు మొదలయ్యాయి. నేడు ఇంటింటా మోగే టీవీ ఈ దేశంలో తన తొలి అడుగులు బడి వైపే వేసిందన్న సంగతి చాలామందికి గుర్తు లేదు.

ఆ పాఠాల అమరికను గమనించాలి. భౌతిక, రసాయన శాస్త్రాలు, ఇంగ్లీషు, హిందీ వంటి విషయాలను ఢిల్లీ పాఠశాలల సిలబస్‌కు అనుగుణంగా, తరగతి వేళల్లోనే ప్రసారం చేశారు. పీరియడ్ మొత్తం తెరకు అప్పగించలేదు. ప్రసారానికి ముందు తరగతి ఉపాధ్యాయుడు విషయాన్ని పరిచయం చేయాలి. ప్రసారం ముగిశాక ప్రశ్నలు వేయాలి, సందేహాలు తీర్చాలి. స్టూడియోలో పాఠం చెప్పేవారు ఒకరు, తరగతిలో దాన్ని పిల్లల బుర్రకు ఎక్కించేవారు మరొకరు. ఒక విద్యార్థి నేర్చుకోవడానికి ఇద్దరు గురువుల పని కలవాలన్నది ఆ పథకానికి పునాది.

దాని ఫలితాలను కొలవడానికి వచ్చినవారిలో ప్రముఖుడు పాల్ న్యూరాత్. వియన్నాలో పుట్టిన ఈ సామాజిక శాస్త్రవేత్త హిట్లర్ నిర్బంధ శిబిరాలైన డాహౌ, బూహెన్‌వాల్డ్‌లను అనుభవించి, ప్రాణాలతో బయటపడి అమెరికా చేరినవాడు. భారతదేశం ఆయనకు కొత్త కాదు. 1956లో పుణె పరిసర గ్రామాల్లో ఆకాశవాణి నడిపిన రైతు రేడియో సభల ప్రయోగాన్ని ఆయనే మదింపు చేశాడు. ఆకాశవాణి డైరెక్టర్ జనరల్, హిందీ నాటక రచయిత జగదీశ్ చంద్ర మాథుర్‌తో కలిసి ఆ అనుభవాన్ని గ్రంథస్థం చేశాడు. ఆ ప్రయోగంలో 150 గ్రామాల్లో రైతులు ఒకచోట కూర్చుని రేడియో విని, విన్నదాన్ని చర్చించి, తమ సందేహాలను తిరిగి ఆకాశవాణికి పంపేవారు. చర్చాసభ ఉన్న గ్రామాల్లో రైతుల పరిజ్ఞానం స్పష్టంగా పెరిగింది. రేడియో ఉండి సభ లేని గ్రామాల్లో ఆ పెరుగుదల నామమాత్రం. ప్రసారం ఒకటే, పరికరం ఒకటే. మనుషులు కలిసి కూర్చుని మాట్లాడుకోవడమే తేడాకు కారణమైంది.

ఢిల్లీ బడుల్లో న్యూరాత్ కనుగొన్నదీ ఇంచుమించు ఇదే దారిలో ఉంది. టీవీ ఉన్న పాఠశాలల విద్యార్థులు, లేని పాఠశాలల విద్యార్థుల కంటే పరీక్షల్లో కొంత మెరుగ్గా రాశారు. కానీ ఆ తేడా అద్భుతమేమీ కాదు. టెలివిజన్ పనిచేస్తుంది, అయితే మంత్రదండంలా కాదు. ఢిల్లీ ప్రయోగం చెప్పిన నిజం అంతే.

అదే దశాబ్దంలో ప్రపంచమంతటా జరిగిన అధ్యయనాలూ ఇదే చెప్పాయి. అమెరికాలో గాడ్విన్ చూ, విల్బర్ ష్రామ్ అనే పరిశోధకులు 1967లో అప్పటివరకు జరిగిన 207 అధ్యయనాల్లోని 421 పోలికలను ఒకచోట చేర్చారు. టీవీ పాఠానికీ మామూలు బోధనకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదని తేలిన సందర్భాలు 308. టీవీ పైచేయి సాధించినవి 63. తరగతి బోధన పైచేయి సాధించినవి 50. టీవీ ద్వారా విద్యార్థి నేర్చుకోలేడన్న వాదాన్ని ఈ అంకెలు కొట్టివేశాయి. టీవీ వస్తే చాలు చదువు దూసుకుపోతుందన్న వాదాన్నీ అవే కొట్టివేశాయి. విద్యార్థి ఎంత నేర్చుకున్నాడన్నది పాఠం ఎంత బాగా రూపొందింది, దానికి ముందూ వెనుకా ఏం జరిగింది అన్నదానిపై ఆధారపడింది గానీ, అది ఏ పెట్టెలో నుంచి వచ్చిందన్నదానిపై కాదు.

ఒక నగరంలోని బడుల నుంచి దేశం మొత్తానికి చూపు విస్తరించినప్పుడు విక్రమ్ సారాభాయ్ పేరు ముందుకు వస్తుంది. రోడ్లు, కరెంటు, ఉపాధ్యాయులు ఒక్కొక్కటే చేరేదాకా గ్రామాలు ఎదురుచూడనక్కరలేదని, ఉపగ్రహం ఒక్కసారే అన్ని గ్రామాలకూ చేరగలదని ఆయన నమ్మాడు. 1969లో నాసాతో ఒప్పందం కుదిరింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు సైట్ పేరుతో ఆ ప్రయోగం నడిచింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు ప్రసారాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఢిల్లీ, కటక్, హైదరాబాద్‌లలోని కేంద్రాలు కార్యక్రమాలను తయారు చేశాయి. తెలుగు పల్లెల్లో పిల్లలు ఉదయం బడి వేళలో ఆకాశం నుంచి దిగివచ్చిన తెలుగును తొలిసారి చూశారు, విన్నారు.

సైట్ నడిచిన ఏడాది ఎమర్జెన్సీ ఏడాది కూడా. పత్రికల నోళ్లు మూసిన ప్రభుత్వమే పల్లెల్లో తెరలు తెరిచింది. కేంద్రం నుంచి ఒకే గొంతు దేశమంతా వినిపించే యంత్రం మీద పాలకులకు మమకారం పెరగడం వింత కాదు. అయినా సైట్‌కు ఒక ఘనతను తీసివేయలేము. తనను తాను నిజాయితీగా పరీక్షించుకున్న అరుదైన ప్రభుత్వ ప్రయోగం అది. పరిశోధకులు గ్రామాల్లో నెలల తరబడి మకాం వేశారు. పిల్లల్లో భాషా వికాసం, కొత్త సంగతులు తెలుసుకోవాలన్న ఆసక్తి పెరిగాయని తేల్చారు. పాఠ్యవిషయాల్లో మార్కులు చెప్పుకోదగ్గంత పెరగలేదని కూడా అంతే సూటిగా రాశారు. పెద్దల్లో ఎక్కువ లాభపడినవారు స్త్రీలు, చదువురానివారు. అంటే అక్షరానికి దూరంగా ఉన్నవారికి తెర మేలు చేసింది. అక్షరం నేర్పే పనిని మాత్రం అది ఒంటరిగా చేయలేకపోయింది.

సైట్‌లో అంతగా ప్రచారం పొందని భాగం ఉపాధ్యాయుల శిక్షణ. టీవీ ప్రసారాలు, రేడియో, అచ్చు సామగ్రి, స్థానికంగా చర్చలు, ప్రయోగాలు కలిపి సుమారు 48 వేల మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ ఇచ్చారు. ఉపాధ్యాయుడి స్థానంలో తెరను కూర్చోబెట్టకుండా, తెర ద్వారా ఉపాధ్యాయుడికే బలం చేకూర్చిన ఆలోచన అది. ఢిల్లీ పాఠం ఇంకా మరపున పడలేదనడానికి అదొక గుర్తు.

1980లలో కథ తెలుగువారి చేతుల మీదుగా మలుపు తిరిగింది. 1982 ఆగస్టులో, భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉన్న కొద్ది నెలల్లో, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో అదే మొదటిది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన ప్రొఫెసర్ జి. రామ్‌రెడ్డి దానికి తొలి ఉపకులపతి. బ్రిటన్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1971లో బీబీసీ తెరపై పాఠాలతో పేరు తెచ్చుకుంది. రామ్‌రెడ్డి ఆ నమూనాను ఉన్నదున్నట్టు దింపలేదు. తెలుగులో అచ్చు వేసిన పాఠ్యగ్రంథాలు, ఊరికి దగ్గరగా అధ్యయన కేంద్రాలు, సెలవు రోజుల్లో అధ్యాపకుడితో ముఖాముఖి తరగతులు ముందు నిలిచాయి. రేడియో, ఆడియో, వీడియో వాటికి తోడుగా నడిచాయి. ఇంటర్ గడప దాటని గృహిణి, గుమాస్తా, కండక్టరు ప్రవేశ పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి అలా తెరుచుకుంది.

ఆ అనుభవాన్ని కేంద్రం ఢిల్లీకి తెచ్చుకుంది. 1985లో పార్లమెంటు చట్టంతో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు తొలి ఉపకులపతి రామ్‌రెడ్డే. అదే ఏడాది కొత్తగా ఏర్పడిన మానవ వనరుల అభివృద్ధి శాఖకు తొలి మంత్రి పి.వి. నరసింహారావు. ఆయన హయాంలో వచ్చిన 1986 జాతీయ విద్యా విధానం సార్వత్రిక విద్యకు, విద్యా సాంకేతికతకు పెద్దపీట వేసింది. బడులకు కలర్ టీవీలు, క్యాసెట్ ప్లేయర్లు పంపే పథకం నడిచింది. బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలన్న ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ కూడా ఆ విధానం నుంచే పుట్టింది. ఒక చేత్తో తెర, మరో చేత్తో నల్లబల్ల. ఆ రెండూ కలిసి నడిచి ఉంటే చరిత్ర వేరుగా ఉండేది. టీవీ కొనడం ఒక్కసారి అయ్యే ఖర్చు, ఉపాధ్యాయుడి జీతం ఏటేటా పెరిగే ఖర్చు. ఏది సులభమో ఆర్థిక శాఖలకు ఎవరూ చెప్పనక్కరలేదు.

కళాశాల విద్యార్థుల కోసం యూజీసీ 1984 ఆగస్టు 15న దూరదర్శన్‌లో దేశవ్యాప్త తరగతి గదిని ప్రారంభించింది. ఇన్సాట్-1బి మోసుకొచ్చిన ఆ కార్యక్రమాల్లో మేలైనవి లేకపోలేదు. మారుమూల పట్టణంలోని కుతూహలం గల విద్యార్థికి అవి ప్రపంచానికి కిటికీలు. కానీ అవి చాలావరకు ఇంగ్లీషులో, విద్యార్థి కళాశాలలో ఉండే పగటి వేళల్లో వచ్చాయి. ఏ సిలబస్‌కూ, ఏ పరీక్షకూ వాటితో సంబంధం లేదు. 1961లో ఢిల్లీ బడి పాఠానికి ఉన్న మూడు కొక్కేలు, అంటే సిలబస్, కాలపట్టిక, తరగతిలో ఉపాధ్యాయుడు, ఇక్కడ ఊడిపోయాయి. దాంతో తరగతి గది అన్న పేరు మిగిలింది గానీ తరగతి మిగల్లేదు.

ఆ తరువాత ప్రకటనల చరిత్ర వేగం పుంజుకుంది. 2000 జనవరి 26న జ్ఞాన్ దర్శన్ వచ్చింది. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ నింగికెగిసింది. విద్య కోసమే ఒక ఉపగ్రహాన్ని పంపడం దేశంలో అదే ప్రథమం. 2017లో స్వయంప్రభ పేరిట 32 డీటీహెచ్ చానళ్లు వచ్చాయి. హైదరాబాద్‌లో మన టీవీ, దాని వారసత్వంగా టీ-శాట్ నడిచాయి. ప్రతి ప్రారంభోత్సవంలోనూ వినిపించినవి చానళ్ల సంఖ్య, పాఠాల గంటలు, ఉపగ్రహం చేరే విస్తీర్ణం. 1960లలో న్యూరాత్ చేసినట్టు, సైట్ పరిశోధకులు చేసినట్టు, ఎంతమంది చూశారు, చూసినవారిలో ఎంతమందికి అర్థమైంది అని అడిగే గొంతు క్రమంగా సన్నగిల్లింది. కొలిచేవారు తప్పుకున్నాక ప్రకటించేవారికి అడ్డు లేకుండా పోయింది.

దాని మూల్యం 2020లో తెలిసింది. కోవిడ్‌తో మార్చిలో బడులు మూతపడ్డాయి. మే నెలలో కేంద్రం పీఎం ఈ-విద్య కింద ఒక తరగతికి ఒక చానల్ చొప్పున 12 చానళ్లు ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు నడిపింది. తెలంగాణ సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో డిజిటల్ తరగతులు మొదలుపెట్టింది. ఉపాధ్యాయులు శ్రమించారు, కొందరు పిల్లల ఇళ్లకు వెళ్లి పాఠం చూశారా అని ఆరా తీశారు. కానీ ఢిల్లీ సహా 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో పేద కుటుంబాలకు చెందిన సుమారు 1,400 మంది పిల్లలను పలకరించి జ్యాఁ ద్రెజ్ తదితరులు 2021లో వెలువరించిన సర్వే దేశాన్ని ఉలిక్కిపడేలా చేసింది. క్రమం తప్పకుండా ఆన్‌లైన్‌లో చదువుతున్నవారు పట్టణాల్లో 24 శాతం, గ్రామాల్లో 8 శాతం. గ్రామీణ పిల్లల్లో 37 శాతం అసలు చదవడమే లేదు. టీవీ పాఠాలే తమ ప్రధాన ఆధారమని చెప్పినవారు అతి కొద్దిమంది. సిగ్నల్ ఉన్నా గురువు లేడు, గురువు ఉన్నా తరగతి లేదు.

అయినా ప్రభుత్వం తీసుకున్న గుణపాఠం వేరు. 2022 బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 12 చానళ్లను 200కు పెంచుతామని ప్రకటించారు. మందు పనిచేయకపోతే మోతాదు పెంచినట్టుంది. ప్రాంతీయ భాషల్లో పాఠాలు రావడం మంచిదే, అవసరమే. కానీ ప్రభుత్వ లెక్కల ప్రకారమే 2024-25లో దేశంలో ఏకోపాధ్యాయ పాఠశాలలు లక్షకు పైగా ఉన్నాయి. వాటిలో చదివే పిల్లలు 33 లక్షలకు పైగా. ఆ బడుల సంఖ్యలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందు వరుసలో ఉంది. ఐదు తరగతులకు ఒకే పంతులు ఉన్న బడిలో తెర ముందు పిల్లలను కూర్చోబెట్టి పాఠాన్ని ఎవరు పరిచయం చేస్తారు? అది ముగిశాక సందేహం ఎవరు తీరుస్తారు?

ఇతర దేశాల అనుభవం తెరకు వ్యతిరేకం కాదు. మెక్సికో 1968లో ప్రారంభించిన టెలిసెకుండారియా బడులు నేటికీ నడుస్తున్నాయి. మారుమూల పల్లెల్లో ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో ఉపాధ్యాయుణ్ణి పంపలేనప్పుడు ఆ దేశం టీవీ పాఠాన్ని ఆశ్రయించింది. కానీ తరగతికి ఒక ఉపాధ్యాయుణ్ణి ఉంచింది. తెర విషయాన్ని చెప్పింది, మనిషి పిల్లవాణ్ణి చూసుకున్నాడు. 1961 నాటి ఢిల్లీ సూత్రమూ ఇదే. రామ్‌రెడ్డి అధ్యయన కేంద్రాల సూత్రమూ ఇదే.

ఢిల్లీ శీతాకాలం ఏటా వస్తుంది, కాలుష్యమూ వస్తుంది. దేశ రాజధాని ప్రాంతంలో తెర మీద చదువు ఇక అత్యవసర ఏర్పాటు కాదు, వార్షిక తంతు. అలాంటప్పుడు ప్రతి మూసివేత తరువాత పిల్లలు ఏం నేర్చుకున్నారో, ఏం కోల్పోయారో బడివారీగా కొలిచి ప్రజల ముందు పెట్టడం ప్రభుత్వాల కనీస బాధ్యత. తెర లేని పిల్లవాడికి బస్తీలోనే సురక్షితమైన గదిని, ఆ గదిలో ఒక ఉపాధ్యాయుణ్ణి చూపడం దాని తరువాతి మెట్టు. ఇందుకు కొత్త ఉపగ్రహం అక్కరలేదు. ఆరు దశాబ్దాల క్రితం ఇదే నగరంలో ఆకాశవాణి అధికారులు, బడి పంతుళ్లు, ఒక వియన్నా శాస్త్రవేత్త కలిసి చేసిన పనిని మళ్లీ మొదలుపెడితే చాలు. ఈసారి ఎన్ని చానళ్లు పెట్టారని కాకుండా, ఎంతమంది పిల్లలకు అర్థమైందని పార్లమెంటులో ఎవరైనా అడగాలి.